కాకరపాదుకు కాపలా

సన్నవరంలో చీర బోర్లా పడుకుని పుడుతుంది. మంచివైపు కింద, నేసేవాడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటకేసి ఉంటుంది. పైన, నేసేవాడి కళ్లముందు ఉండేదంతా వెనకవైపే. వేలాడే పోగులు, తెగిన కొసలు, పువ్వు ఎక్కడ మొదలైందో ఆకు ఎక్కడ ముగిసిందో తెలియని గందరగోళం. అనుమానం వచ్చినప్పుడు గుంటలో పెట్టుకున్న అద్దం ముక్కలోకి తొంగిచూసి, మంచివైపు ఎలా వస్తోందో సరిచూసుకోవడం ఆ ఊరి పద్ధతి. తాతలనాటి నుంచీ అంతే కాబట్టి ఎవరికీ అది వింతగా తోచదు. బసవలింగం తన జీవితంలో సగభాగం చీరల వెనకవైపు చూస్తూనే గడిపాడు. చీర అనగానే ఆయన కళ్లకు కట్టేది ఆ పోగుల చిక్కే.

ఆయన భార్య మాణిక్యం వంటింటి వెనక ఓ కాకరపాదు పెట్టింది. అది దడి ఎక్కి, బట్టల తాడు ఎక్కి, ఆ మీదట వెళ్లడానికి దారిలేక కిటికీలోంచి ఇంట్లోకి తొంగిచూసేది. ఓ ముసురు రోజున పొయ్యి అంటుకోక ఊరికే కూర్చున్న మాణిక్యం, బొగ్గుముక్కతో గోడమీద ఆ తీగనంతా గీసింది. మెలికలు, మొటిమలున్న కాయలు, చిన్న పసుపు పూలు. గొంగళిపురుగు కొరికిన ఆకును కొరికినట్టే గీసింది. బసవలింగం తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, చాలాసేపు చూసి, "దీన్ని అంచుకి ఎక్కిద్దాం," అన్నాడు.

పక్కింట్లోనే ఉంటుంది ఆయన అన్నగారి భార్య వరహాలమ్మ. సంగతి విని గోడమీదుగా తల పెట్టింది.

"ఏమే మాణిక్యం! కాకరకాయలు పులుసులో వేసుకుంటారు గానీ చీరమీద వేసుకుంటారటే? రేపు వంకాయ అంచు, ఎల్లుండి ముల్లంగి కొంగూ వేయిస్తావా ఏంటి?"

వీధంతా నవ్వింది. మాణిక్యం కూడా నవ్వింది. ఆ పూట అన్నంలో కూర కలుపుకోవడం మాత్రం మరిచిపోయి, ఉత్త మెతుకులే తిని లేచిపోయింది. బసవలింగం అది చూశాడు.

"ఈ ఏడు చౌడేశ్వరమ్మ జాతరకి ఆ చీర నువ్వే కట్టుకుందువు గాని," అన్నాడు. "మా వదిన ఎదురుగా నడుద్దువు గాని."

జాతరనాడు ఇంటికొక ఆడమనిషి, ఆ ఏడాది తమ మగ్గంమీద పుట్టిన కొత్తచీర కట్టుకుని, నెత్తిన ఘటం పెట్టుకుని అమ్మవారి ముందు నడుస్తుంది. ఊరు చూస్తుంది. మార్కులు వేస్తుంది. మాణిక్యం పెళ్లై వచ్చినప్పటి నుంచీ ఏటా ఏదో ఒక చీర కట్టుకునే నడిచింది. తను గీసింది ఎప్పుడూ కట్టుకోలేదు.

"మా వరహాలమ్మక్క చూడాలి మావా," అంది. "తినేసినట్టు చూడాలి."

ఇక్కడివరకూ ప్రభుత్వం జోక్యం లేదు.

అంతకుముందు ఏడు సన్నవరం వాళ్లు నేసిన తామరమొగ్గ చీర, ఇంకా మగ్గం దిగకముందే సంతలో అచ్చువేసిన గుడ్డగా ప్రత్యక్షమైంది. అవతలి జిల్లాలో మరమగ్గాల ఊరొకటి ఉంది. అక్కడివాళ్లు ఎలా చూశారో, ఎప్పుడు చూశారో తెలియదు. ఊరంతా కలిసి ప్రభుత్వానికి మొర పెట్టుకుంది. ప్రభుత్వం విన్నది. మూతబడ్డ రైసుమిల్లులో 'వస్త్ర నమూనాల స్వామ్య సంరక్షణ కార్యాలయం' వెలిసింది. దానికి ప్రత్యేకాధికారిగా గుణభూషణరావుగారు వచ్చారు.

గుణభూషణరావుగారు నిజాయితీపరులు. లంచం పట్టరు, కునుకు తీయరు, ఆదివారం కూడా ఆఫీసుకి వస్తారు. ఊరి దురదృష్టం అక్కడే మొదలైంది.

"కాపీ అనగానేమి?" అని ప్రారంభ సభలో అడిగి, తామే చెప్పారు. "చూచుట వలన కలుగు దుష్ఫలితము. చూడనిచో కాపీ లేదు. కావున ఈ కార్యాలయము చౌర్యమును కాక, దాని మూలకారణమైన దర్శనమును అరికట్టును."

జనం చప్పట్లు కొట్టారు. బసవలింగం కూడా కొట్టాడు. తామరమొగ్గ చీర దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది మరి.

నమూనా నమోదుకి ఇన్‌స్పెక్టరు దక్షిణామూర్తి వచ్చాడు. బక్కపలచటి మనిషి, మెళ్లో కెమెరా, ఎక్కడికి వెళ్లినా చెప్పులు బయట విప్పే అలవాటు. ముక్కాలిపీట ఎక్కి, మగ్గంమీద ఉన్న చీరను పైనుంచి ఫొటో తీశాడు. తీసి, సందేహంగా చూశాడు.

"ఇదేనా మీ నమూనా?"

"ఇదేనండి," అన్నాడు బసవలింగం. ఆయన అబద్ధం చెప్పలేదు. పొద్దస్తమానం ఆయన చూసేది అదే.

"ఇలా వేలాడుతున్నవేంటి?"

"పోగులండి. ఉంటాయండి."

దక్షిణామూర్తి 'నవీన శైలి' అని రాసుకున్నాడు.

"ఇక్కడ ఉన్నట్టుండి ఆగిపోయింది?"

"అక్కడ ఆకుని పురుగు కొరికిందండి."

'కీటకకృత లోపము. యజమాని సమ్మతితో,' అని రాసుకుని, మాణిక్యం ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లాడు. అలాగే ఊళ్లో అన్ని మగ్గాలమీదా ఫొటోలు తీశాడు. ఒక్క నేతగాడూ తేడా పట్టలేదు. అందరి కళ్లకీ అలవాటైన వైపే అది.

ఆ ఫొటోల్ని పెద్దవి చేయించి, 'ఈ నమూనాలను కాపీ చేయరాదు' అని కింద రాయించి, గుణభూషణరావుగారు వాటిని మరమగ్గాల ఊరి బస్టాండులో అంటింపజేశారు. సన్నవరంలో మాత్రం ఒక్కటీ పెట్టలేదు. ఏం కాపీ చేయకూడదో తెలియాల్సింది దొంగలకేగానీ సొంతదారులకు కాదు గదా అన్నారు. అందులో తప్పు పట్టడానికేం లేదు.

తరవాత సర్క్యులర్లు మొదలయ్యాయి.

మొదట మగ్గాల గదులకు నల్ల తెరలు కట్టించారు. ఆపైన ఇరుగుపొరుగులు ఒకరి మగ్గం గదిలోకి ఒకరు వెళ్లడం 'దృష్టిచొరబాటు' అయింది. వరహాలమ్మ అరువు పంచదార కోసం వచ్చి, వాకిట్లోనే కళ్లు మూసుకుని నిలబడి, గిన్నె చాచేది. ఆ తరవాత అద్దాల వంతు వచ్చింది.

"అద్దము చేయు పని ఏమి?" అని గుణభూషణరావుగారు బసవలింగాన్ని అడిగారు.

"కిందవైపు చూపిస్తుందండి."

"ఉన్నదానిని ఉన్నట్లుగా మరొకచోట చూపించును. అనగా ప్రతి నిమిషమూ కాపీ తీయుచున్నది. అదియు యజమాని కాళ్ల దగ్గరనే!"

గుంటల్లోని అద్దం ముక్కలన్నీ గోనెసంచిలో వేసి పట్టుకుపోయారు. బసవలింగం ఆ మీదట కిందవైపు వేళ్లతో తడిమి చూసుకుంటూ నేశాడు. కాకరకాయ మొటిమలు వేలికి తగిలితే బాగానే వస్తోందని ధైర్యం తెచ్చుకునేవాడు.

చీరలు చేనేత సంఘం దుకాణానికి చేరాయి, సీలు వేసిన సంచుల్లో. తణుకు నుంచి ఓ తల్లీ కూతురూ పెళ్లిబట్టలకి వచ్చారు. కొనేవాళ్లకి చీర చూపకూడదు కాబట్టి, దక్షిణామూర్తి లేచి నిలబడి వర్ణన చదివాడు.

"ఒక తీగజాతి మొక్క అంచు వెంబడి మెలికలుగా పాకుచున్నది. అచ్చటచ్చట కాయలు కలవు. తినదగినవి."

"రంగేంటండీ?" అంది తల్లి.

"అది ద్వితీయశ్రేణి సమాచారం అమ్మా. కొన్నాక చెబుతాం."

"కొన్నాక నచ్చకపోతే?"

దక్షిణామూర్తి ఇబ్బందిగా కదిలాడు. "నచ్చలేదని చెప్పాలంటే చూసుండాలమ్మా. చూశానని ఒప్పుకుంటే కేసవుతుంది."

కూతురు నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయింది. తల్లి పాపం, వచ్చినందుకు తువ్వాళ్లు కొనుక్కుంది. తువ్వాళ్లకు నమూనా లేదు కాబట్టి వాటిని చూడవచ్చు.

ఆ వర్ణన చదివినప్పుడే, పక్కన కూర్చుని వింటున్న గుణభూషణరావుగారికి మెరుపులా ఓ సంగతి తట్టింది. తీగజాతి మొక్క! చీరను దాచాంగానీ, చీరకు మూలం వంటింటి వెనక బాహాటంగా ఎండలో పాకుతోందే! మర్నాడే కాకరపాదు మీద టార్పాలిన్ కప్పించి, దక్షిణామూర్తిని కుర్చీ వేసి కాపలా కూర్చోబెట్టారు.

"ఇదేం చోద్యమయ్యా?" అంది మాణిక్యం.

"మూల నమూనా సంరక్షణ అమ్మా."

"మరి నేను కూరకి కాయలు కోసుకోవద్దా?"

దక్షిణామూర్తి నిబంధనల పుస్తకం తిరగేశాడు. "యజమాని కోసుకోవచ్చు. కానీ ఆ పురుగుంది చూశారూ, అదే ఇబ్బంది. నిన్న ఇంకో ఆకు కొరికింది. అచ్చం మన చీరలో ఆకులాగే కొరికింది. అనుమతి లేకుండా."

"పట్టుకుపోండి, జైల్లో పెట్టండి."

"కేసు రాయమన్నారు. రాశాను," అన్నాడు దక్షిణామూర్తి తలవంచుకుని.

కానీ ఆ మనిషి మంచివాడు. ఎండ లేక ఆకులు పసుపెక్కుతుంటే చూడలేకపోయాడు. రోజూ పొద్దెక్కాక 'తనిఖీ నిమిత్తం' అని రాసుకుని టార్పాలిన్ మొత్తం తీసేసేవాడు. మధ్యాహ్నం దాకా తనిఖీ చేస్తూనే ఉండేవాడు. మధ్యలో చెంబుతో నీళ్లు కూడా పోసేవాడు. మాణిక్యం రోజూ ఆయనకో గ్లాసు మజ్జిగ దడి మీద పెట్టేది.

జాతర దగ్గర పడింది. సర్క్యులరూ దిగింది. నమోదైన నమూనా ధరించి వీధిలో నడవడం 'బహిరంగ ప్రకటన'. ప్రకటిస్తే హక్కు పోతుంది, చీర జప్తు అవుతుంది. అమ్మవారికి కట్టే చీర కూడా అందులోకే వస్తుంది.

మాణిక్యం మడత పెట్టిన చీరను పెట్టెలో అడుగున పెట్టేసింది. ఆ సాయంత్రం మళ్లీ కూర కలుపుకోకుండా అన్నం తిన్నది. అది చూసిన బసవలింగం ఇక ఆగలేక, ఉతికిన పంచె కట్టుకుని రైసుమిల్లుకి వెళ్లాడు. దక్షిణామూర్తి కుర్చీని ఫ్యాను కిందకి జరిపి కూర్చోబెట్టాడు.

"అయ్యా, మా ఆడమనిషి తను గీసిన బొమ్మ తను కట్టుకోవాలనుకుంటోందండి," అన్నాడు బసవలింగం. "ఒక్క రోజండి. ఒక్క వీధండి."

"కట్టుకొనవచ్చును. తలుపులు మూసుకుని," అన్నారు గుణభూషణరావుగారు.

"తలుపులు మూస్తే మా వదిన చూడదండి."

"చూడరాదనియే గదా మన ఆశయము!"

"మా ఆవిడ ఆశయం చూడాలనేనండి."

గుణభూషణరావుగారు కదిలిపోయారు. ఆయన రాతిమనిషి కాదు. చీరమీద దుప్పటి కప్పుకుంటే? చెమటకి చీర పాడవుతుంది. తెరలు కట్టిన బండిలో తిప్పితే? ఘటం నెత్తిన పట్టదు. కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించి, బల్ల చరిచారు.

"విలోమ ధారణము! చీరను తిరగవేసి కట్టుదురు గాక! లోపలిది వెలుపలికి, వెలుపలిది లోపలికి. ధరించినట్లును అగును, చూపనట్లును అగును. అందరికీ వర్తింపజేయుదును."

ఆ మాట మోసుకుని బసవలింగం ఇంటికొచ్చాడు. మాణిక్యం పెట్టె తీసి, చీరను తిరగేసి పరిచి చూసింది.

"తిరగేసి కట్టుకుని మా అక్క ఎదురుగా నడవాలా? నూనెగుడ్డ చుట్టుకున్నా ఇంతకంటే మర్యాదగా ఉంటుంది మావా."

"అందరూ అలాగే కడతారంటే."

"అందరికీ వరహాలమ్మ తోటికోడలు కాదుగా."

అయినా కట్టుకుంది. జప్తు చేయించుకోవడం కంటే నయమని, ఆయన మొహం చూసి జాలిపడి కట్టుకుంది. గుడిలో పూజారి కూడా కాసేపు తర్జనభర్జన పడి, "ఎటు కట్టినా మా తల్లి మా తల్లే," అని అమ్మవారి చీరనూ తిప్పే కట్టాడు. అలా ఆ సాయంత్రం సన్నవరం ఆడవాళ్లంతా పోగులు వేలాడేసుకుని, నెత్తిన ఘటాలతో బారులు తీరారు. డప్పులవాళ్లు కూడా కాసేపు కొట్టడం మరిచిపోయి చూశారు.

"ఏమే, మీ పాదుకి తెగులు పట్టినట్టుందే!" అని వెనకనుంచి వరహాలమ్మ గొంతు.

"నీ చీర మీద చిలకలకి ఈకలు ఊడిపోయాయి, చూసుకున్నావా అక్కా?" అంది మాణిక్యం. అంటూనే, నడుం దగ్గర వేలాడుతున్న ఓ పోగును ఒక చేత్తో లోపలికి దోపుకుంది. వీధిపక్క గట్టుమీద నిలబడ్డ బసవలింగం అది చూశాడు.

ఆ సమయానికే రాజధాని నుంచి సంచాలకురాలుగారి కారు వచ్చింది. కార్యాలయం సాధించిన విజయాలు కళ్లారా చూసి పోదామని వచ్చారు. దిగుతూనే వీధివైపు చూశారు. చేతిలో ఉన్న టాబ్ వైపు చూశారు. మళ్లీ వీధివైపు చూశారు.

"గుణభూషణరావుగారూ! ఏమిటిది?"

"విలోమ ధారణమండీ. నమూనాలు కనపడకుండా..."

"కనపడకుండానా? మీరు నమోదు చేసి పంపిన ప్రతి ఒక్క నమూనా వీధిలో ఊరేగుతోంది!"

టాబ్ ఆయన మొహం ముందు పెట్టారు. అందులో కాకరపాదు నమూనా. వేలాడే పోగులు, చిక్కులు, ఉన్నట్టుండి ఆగిన చోటుతో సహా. ఎదురుగా మాణిక్యం ఒంటిమీద అచ్చం అదే. దక్షిణామూర్తి తన చెప్పులకేసి చూసుకున్నాడు. బసవలింగానికి గుంటలో దీపం వెలిగినట్టయింది. పైనుంచి తీశాడు! నేనూ ఇదేనండి అన్నాను!

"అమ్మా," అన్నారు గుణభూషణరావుగారు నీరసంగా, "ఈ ఫొటోలు వెనకవైపువి."

"నమోదు చేసినది తమరే గదా?"

"నేనేనండి."

"సంతకం?"

"నాదేనండి. దాని కింద తమరిదండి."

సంచాలకురాలుగారు టాబ్ మూసేశారు.

"అయితే ఫొటోలు సరిగ్గానే ఉన్నాయి," అన్నారు. "నమోదైనదే నమూనా. తక్కినది మన పరిధిలోకి రాదు. ఆ నమూనాలను తక్షణం ప్రజల దృష్టి నుంచి తప్పించండి."

గుణభూషణరావుగారికి ప్రాణం లేచి వచ్చింది. మైకు అందుకున్నారు.

"మహిళలకు విజ్ఞప్తి! ప్రస్తుతము మీరు ధరించియున్న వైపు ప్రభుత్వ రక్షణలో ఉన్నది. దానిని వెంటనే లోపలికి త్రిప్పి, రక్షణలేని వైపును వెలుపలికి ధరించవలెను. ఉల్లంఘించినచో చర్య తప్పదు!"

ఘటాలు గట్టుమీద దించి, ఆడవాళ్లు దగ్గర్లో ఉన్న ఇళ్లలోకి పరుగెత్తారు. పూజారి అమ్మవారికి తెర వేశాడు. కాసేపటికి ఒక్కొక్కరే బయటికొచ్చారు. వీధి ఒక్కసారిగా తెలివొచ్చినట్టయింది. చిలకలకి ఈకలొచ్చాయి. నెమళ్లు, హంసలు, గోపురాలు, అన్నీ ఎక్కడివక్కడ కుదురుకున్నాయి. చివరగా మాణిక్యం వచ్చింది. వంకాయరంగు అంచుమీద పచ్చటి తీగ, మెలికలు తిరిగి, ఆమె అడుగు వేసినప్పుడల్లా ఇంకొంచెం పాకుతున్నట్టుంది.

వరహాలమ్మ ఘటం ఎత్తుకోవడం మరిచిపోయి, తినేసినట్టు చూసింది. దగ్గరికొచ్చి అంచు చేతిలోకి తీసుకుంది.

"ఓసి దీని అఘాయిత్యం కూలా! పురుగు కొరికిన ఆకు కూడా వేశావటే!" అని, ఆ కొరికిన చోట వేలితో తడిమి, మెల్లగా, "బాగుందే," అంది.

బసవలింగం కళ్లు తుడుచుకున్నాడు. సాంబ్రాణి పొగ కొంచెం ఎక్కువగానే ఉంది ఆ వేళ.

ఇంకొక్క సంగతి చెప్పాలి. జాతరైన కొన్నాళ్లకి సంతలోకి అచ్చుగుడ్డ కాకరపాదు చీరలొచ్చాయి. మరమగ్గాల ఊరివాళ్లు తమ బస్టాండులో ఉన్న హెచ్చరికను శ్రద్ధగా చదువుకుని, ఫొటోలో ఉన్నదాన్ని ఒక్క పోగు పొల్లుపోకుండా అచ్చువేశారు. వేలాడే పోగులు వేలాడుతున్నట్టే, చిక్కులు చిక్కుల్లాగే. తణుకు తల్లీ కూతుళ్లు ఆ గుడ్డ చూసి, "దీనికా అంత రహస్యం!" అనుకుంటూ, ఎందుకైనా మంచిదని సన్నవరం వచ్చి, ఇప్పుడు చూడటానికి అడ్డులేని మంచివైపు చూసి, రెండు చీరలు కొనుక్కున్నారు. కార్యాలయం కేసు వేసి నెగ్గింది. గుణభూషణరావుగారికి పతకం వచ్చింది. ఆయన దానిని ఎవరికీ చూపకుండా బీరువాలో భద్రపరిచారు.

మళ్లీ ఏడు కొత్త నమూనా మగ్గమెక్కింది. తోటికోడళ్లిద్దరూ కలిసి గీసింది. వంకాయ అంచు. తొడిమ పచ్చగా ఉండాలని మాణిక్యం, ముళ్లు కూడా కనపడాలని వరహాలమ్మ, నెల రోజులు పోట్లాడుకున్నారు.

దక్షిణామూర్తి వచ్చాడు. చెప్పులు బయట విప్పాడు. సంచిలోంచి ఓ అద్దం ముక్క తీసి, "ఇది మీదేననుకుంటా, మా సామాన్లలో పడి ఉంది," అంటూ బసవలింగం చేతికిచ్చాడు. బసవలింగం దాన్ని తుడిచి, గుంటలో పాతచోటే ఆనించాడు. దక్షిణామూర్తి వంగి, ఒక్క క్షణం అందులోకి చూశాడు. మొహం వెలిగింది. లేచి, ముక్కాలిపీట ఎక్కి, పైనుంచి కెమెరా గురిపెట్టాడు.

"ఇదేనా మీ నమూనా?"

"ఇదేనండి," అన్నాడు బసవలింగం.

కింద, ఆయన మోకాళ్ల దగ్గర, అద్దంలో వంకాయలు ముళ్లతో సహా నిగనిగలాడుతున్నాయి.